ఎర్ర సిరా డబ్బా

బిటర్ క్రీక్ ఊళ్ళో డెల్మర్ స్టబ్స్‌ని "రైఫిల్‌కి ఏ తూటా మంచిది?" అని అడిగి, అదే పూట ఇంటికి చేరినవాడు ఇంతవరకూ లేడు. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి చేపల పిచ్చి, ఆయనకి తూటాల పిచ్చి. ఆ ఊరున్నది అమెరికాలో మొంటానా రాష్ట్రం. అక్కడ తుపాకీ లేని ఇల్లు దొరకడం కష్టం. తూటా గురించి ఓ అభిప్రాయమంటూ లేని మనిషి దొరకడం ఇంకా కష్టం. అలాంటి చోట కూడా జనం ఆయన్ని చూసి పక్క వీధిలోకి తిరిగేవాళ్ళంటే, డెల్మర్ ఏ పాటి ఘటమో మీరే ఊహించుకోండి.

ఆయన కాపురం పేరుకే ఇంట్లో. అసలు కాపురం వాండా హార్డ్‌వేర్ కొట్లో, కట్టెల పొయ్యి పక్కన ఉన్న స్టూలు మీద. మేకులు, కుక్కల తిండి, మంచు పారలు, తూటాలు అన్నీ అక్కడే అమ్ముతారు. ఎవరైనా తూటాల అల్మారా వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, స్టూలు కిర్రుమనేది. ఆ వెంటనే మూడు ప్రశ్నలు వచ్చి పడేవి.

"ఏ జంతువుకి? ఎంత దూరం నుంచి? ఎవరి భుజానికి?"

మొదటి రెండింటికీ జవాబు చెప్పడం తేలిక. మూడోదాని దగ్గరే అందరూ దొరికిపోయేవాళ్ళు. "నా భుజానికేనండీ" అంటే ఊరుకునేవాడు కాదు. లేచొచ్చి, దర్జీలా భుజం తడిమి, ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడుందో నొక్కి చూసి, "ఊహూఁ, ఇది మాగ్నమ్ భుజం కాదు నాయనా. నీకు టూ సెవెంటీ చాలు. ఎందుకో చెప్తాను కూర్చో" అనేవాడు. మాగ్నమంటే తుపాకి మందు దట్టించిన పెద్ద తూటా, పేలగానే తుపాకీ వెనక్కొచ్చి భుజాన్ని తన్నుతుంది; టూ సెవెంటీ అంతకన్నా సాధువు. కూర్చున్నాడా, వాడి పని అయిపోయినట్టే. ఓసారి పక్క రాష్ట్రం నుంచి వచ్చిన వేటగాడెవరో ఒక్క డబ్బా కొనుక్కుందామని లోపలికి వచ్చాడు. తిరిగి బయటికి వచ్చేసరికి కారు మీద అరడుగు మంచు పడి ఉంది.

కొట్టు దాటి బయటికి వచ్చినా ఆ పిచ్చి ఆగేది కాదు. పెళ్ళిలో పెళ్ళికూతురికి చెయ్యి కలుపుతూ ఆ అమ్మాయి భుజం ఓసారి తేరిపార చూసి, "సిక్స్ ఫైవ్ తూటా సరిగ్గా సరిపోతుంది తల్లీ, నూరేళ్ళు చల్లగా ఉండు" అన్నాడు. స్నేహితుడి అంత్యక్రియల్లో శవపేటిక పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, "బంగారంలాంటి మనిషి. బతికినన్నాళ్ళూ తప్పు తూటా వాడాడు" అన్నాడు.

తమాషా ఏంటంటే, ఇంతమందికి చెప్పే ఆ మనిషికి తన తూటా ఏదో తేలలేదు. వేట కాలం ఐదు వారాలు. అక్టోబరు చివర్లో మొదలై నవంబరు చివర్లో ముగుస్తుంది. డెల్మర్ ఆగస్టు నుంచే తన తూటా గురించి ఆలోచించడం మొదలుపెట్టేవాడు. ఓ ఏడాది ఆఖరి రోజు సాయంత్రం "థర్టీ ఆట్ సిక్సే! ఇక తిరుగులేదు!" అని స్టూలు మీంచి లేచాడు. "వేట మూసేసి అరగంటైంది డెల్మర్" అంది వాండా. అలా పదకొండేళ్ళుగా ఆయన వేటకే వెళ్ళలేదు.

ఇంకో తమాషా, ఎర్ర సిరా డబ్బా. డెల్మర్ తన ఇంటి వెనక షెడ్డులో తూటాలు సొంతంగా చేసేవాడు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు పట్టుకెళ్తే, మందు పోసి, గుండు బిగించి ఇచ్చేవాడు. ఎంత చెప్పినా వినకుండా మాగ్నమే కావాలని పట్టుబట్టినవాళ్ళని చూసి ఆయనకి ఒళ్ళు మండేది. "సరే! నీ ఖర్మ! మామూలు మాగ్నమ్ కాదు, రాక్షసి మాగ్నమే చేసిస్తా, చావు!" అని అరిచేవాడు. ఆ డబ్బా మీద ఎర్ర సిరాతో పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాడు: "జాగ్రత్త! మహా భీకరం! నూటయాభై గజాలు దాటి కాల్చరాదు. అవతలి కొండ మీద ఎవరైనా ఉంటే నాకు సంబంధం లేదు."

ఊళ్ళో మగాళ్ళకి ఆ డబ్బా ఓ బిరుదైపోయింది. ఎర్ర సిరా డబ్బా తట్టుకున్నవాడే మొగాడు. హాగెన్ అన్నదమ్ములు బడ్, కర్ట్ ఇద్దరూ అదే బాపతు. బడ్ అయితే కొట్లో చొక్కా గుండీలు విప్పి మరీ చూపించేవాడు. "పదిహేనేళ్ళుగా ఎర్ర సిరా డబ్బాలే కాలుస్తున్నా. చూడండి, ఒక్క మచ్చ ఉందేమో! ఇదీ హాగెన్ల భుజమంటే!"

ఆ కర్ట్ పెళ్ళామే డార్లా. స్కూలు బస్సు నడుపుతుంది. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలిగే మనిషి. అలాంటి డార్లాకి ఆ ఏడు కష్టం వచ్చి పడింది. సెప్టెంబరులో కర్ట్ గడ్డి మోపుల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వసంతం దాకా కాలు కింద పెట్టకూడదన్నారు. ఆ ఇంట్లో చలికాలమంతా తినేది ఎల్క్ మాంసమే. గుర్రమంత ఉండే ఆ దుప్పి ఒక్కటి పడితే, మళ్ళీ గడ్డి మొలిచే దాకా ఇద్దరు పిల్లలతో సహా ఇల్లు గడిచిపోతుంది. పడకపోతే లేదు. ఫ్రీజరు తెరిచి చూస్తే బఠాణీల సంచీ ఒకటి, పోయిన ఏడు కోసిన హకిల్‌బెర్రీ పళ్ళు కాసిని ఉన్నాయి, అంతే.

"భయమెందుకే? నా మూడొందల మాగ్నమ్ తుపాకీ తీసుకెళ్ళు" అన్నాడు కర్ట్, సోఫాలో దిండ్ల మధ్య పడుకుని. "దూది తగిలినట్టుంటుంది."

"దూదేంటి కర్ట్? అది మాగ్నమ్!"

"పన్నెండేళ్ళ నుంచి కాలుస్తున్నా కదా! నన్నెప్పుడూ తన్నలేదు. హాగెన్ల కోడలివి నువ్వు, నీకేంటి!"

కర్ట్ దగ్గర ఎర్ర సిరా డబ్బాలు అయిపోయాయి. డెల్మర్ దగ్గరికి వెళ్తే ఆ మూడు ప్రశ్నలు, ఆ భుజం పరీక్ష, ఆ ఉపన్యాసం. ఆ ఊళ్ళో తెలివైనవాళ్ళందరూ చేసే పనే డార్లా కూడా చేసింది. తూటాల కోసం నలభై మైళ్ళు కారు నడుపుకుంటూ పెద్ద ఊరికి వెళ్ళి, కంపెనీ డబ్బా కొనుక్కుని వచ్చింది.

మొదటి శనివారమే ఆడ ఎల్క్ ఒకటి వంద గజాల్లో అడ్డంగా నిలబడి కనిపించింది. కాల్చింది. తుపాకీ గాడిదలా తన్నింది. కళ్ళు తెరిచేసరికి ఎల్క్ లేదు, టోపీ లేదు, భుజం ఉందో లేదో తెలియలేదు. మళ్ళీ మూడు వారాలకి గానీ ఇంకోటి కనిపించలేదు. ఈసారి మీట నొక్కక ముందే కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. గుండు ఏ పైన్ చెట్టులోకి దిగిందో ఆ దేవుడికే తెలియాలి.

"గాలికి గురి తప్పింది" అని చెప్పింది ఇంటికొచ్చి. కోటు కింద భుజం వంకాయ రంగులో ఉంది.

చిన్నప్పుడు నాన్నతో వెళ్ళి చిన్న తుపాకీతో పొలంలో ఉడతల్ని గురి తప్పకుండా కొట్టిన పిల్ల తను. ఇప్పుడు గుర్రమంత జంతువుని వంద గజాల్లో కొట్టలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. వేట కాలం ఇక పది రోజులే ఉంది. ఇలా కాదని, గుండె రాయి చేసుకుని వాండా కొట్లో అడుగు పెట్టింది.

స్టూలు కిర్రుమంది.

"ఏ జంతువుకి?" అన్నాడు డెల్మర్.

"ఆడ ఎల్క్‌కి."

"ఎంత దూరం నుంచి?"

"వంద గజాలు. నూట ఇరవై."

"ఎవరి భుజానికి?"

ఆ సమయానికి పొయ్యి దగ్గర కాఫీ తాగుతూ ఆమె బావ బడ్ ఉన్నాడు. డార్లా గడ్డం పైకెత్తి, "నాదే. హాగెన్ల భుజం. మాగ్నమ్" అంది.

"శెభాష్!" అని బడ్ తొడ చరిచాడు.

డెల్మర్ వచ్చి ఆమె కుడి భుజం మీద వేలు పెట్టాడు, అంతే, ఒక్క వేలు. డార్లా కెవ్వుమనబోయి పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆ నీళ్ళు చూశాడు. చూసి, వెంటనే బడ్‌కి ఏమీ కనబడకుండా మధ్యలో నిలబడిపోయాడు. అప్పుడు కొట్టు అదిరిపోయేలా అరిచాడు.

"చెప్తే వింటారా మీరు! మీ హాగెన్ల వంశంలో ఒక్కరైనా విన్నారా! సరే! నీ ఖర్మ! ఖాళీ గొట్టాలు పట్రా. రాక్షసి మాగ్నమ్ చేసిస్తా. ఎర్ర సిరా రెండుసార్లు దిద్ది మరీ ఇస్తా!"

"వద్దు డెల్మర్, మామూలువే..."

"మామూలువి ఆ సైజు భుజానికి సరిపోవు!"

"మా మరదలికి ఎర్ర సిరా డబ్బా!" బడ్ లేచి నిలబడి టోపీ తీశాడు. "వాండా, మన ఊళ్ళో ఆడవాళ్ళకి ఇదే మొదటిది కదూ?"

"మొదటిదే" అంది వాండా, ఎందుకో మేకుల డబ్బాలోకి తల దూర్చి.

ఇంకేం చెయ్యగలదు! కంపెనీ తూటాకే భుజం వంకాయైతే, ఎర్ర సిరా తూటాకి ఊడి కింద పడుతుందని డార్లాకి ఖాయమైపోయింది. నాలుగు రోజులు బస్సు నడుపుతూ స్టీరింగ్ మీద ఎడమ చెయ్యి ఒక్కటే వేసి అలవాటు చేసుకుంది.

గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. శుక్రవారం పొద్దున్నే డెల్మర్ ఆమెని ఊరి బయట, అందరూ గురి చూసుకునే కంకర గుంటకి రమ్మన్నాడు. ముందు కంపెనీ తూటాలతోనే మొదలుపెడదామన్నాడు. తుపాకీ తనే నింపి చేతికిచ్చాడు. "అదిగో అట్టపెట్టె, కొట్టు."

డార్లా గురి పెట్టింది. ఊపిరి బిగించింది. మీట నొక్కింది. టిక్!

పేలలేదు. డెల్మర్ కావాలనే లోపల పెట్టింది ఖాళీ గొట్టం. కానీ తుపాకీ ముక్కు మాత్రం అడుగు మేర కిందికి వంగి దణ్ణం పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజం చెవి దాకా లాక్కుని, పళ్ళు బిగించి ఉన్న తన అవతారం తనకే తెలిసింది. చప్పుడూ లేదు, తన్నూ లేదు. ఉన్నదంతా తన భయమే! ముఖం జేవురించింది.

పక్కకి చూస్తే డెల్మర్ వీపు తిప్పుకుని నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు. "ఈ ఏడు కాకులు ఎక్కువే" అన్నాడు. "నేనేం చూడలేదు. ఇప్పుడు నావి పెట్టు."

ఎర్ర అక్షరాల డబ్బా తెరిచాడు. జేబులోంచి మందపాటి ఉన్ని మేజోడు తీసి, "ఇది కోటు కింద భుజం దగ్గర పెట్టుకో. లేకపోతే ఏం జరిగినా నాది పూచీ కాదు" అన్నాడు. డార్లా కర్ట్‌ని, పిల్లల్ని, ఫ్రీజరులో బఠాణీల్ని తల్చుకుంది. నొక్కింది.

ఠాప్!

అట్టపెట్టె మధ్యలో చిల్లు. భుజం ఉన్నచోటే ఉంది. ఎవరో వెనకనుంచి వచ్చి "ఏవమ్మా, బాగున్నావా?" అని తట్టినట్టుంది, అంతే.

"తన్నలేదేంటి!"

"తన్నదు" అన్నాడు డెల్మర్ గంభీరంగా. "నా మందు ఎంత భీకరమంటే, గుండు కన్నుమూసి తెరిచేలోగా వెళ్ళిపోతుంది. తుపాకీకి తన్నడానికి టైము చాలదు."

"అలా ఉంటుందా?"

"నలభై ఏళ్ళ అనుభవం. ఇంకోటి కొట్టు."

ఇంకోటి కొట్టింది. ఇంకోటి. డెల్మర్ తుపాకీ మీది దుర్భిణి మరను ఓ రెండు గీతలు తిప్పాడు. చివరి మూడూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. డార్లా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇరవై ఏళ్ళ కింద పొలంలో నాన్న పక్కన బోర్లా పడుకున్న పిల్ల ఉన్నట్టుండి తిరిగొచ్చింది.

"ఆదివారం ఆఖరి రోజు" అంది. "మీరూ రండి డెల్మర్."

"నాకింకా తూటా తేలలేదు!"

"తుపాకీ లేకుండా రండి."

వచ్చాడు. ఫ్లాస్కు నిండా కాఫీ, నోటి నిండా టూ సెవెంటీ. మోకాలి లోతు మంచులో, వేటలో దూరం నుంచే కనబడే ఆరెంజి చొక్కాలు వేసుకుని ఇద్దరూ కొండ ఎక్కుతుంటే, వెనకనుంచి ఆయన గొణుగుడు ఆగితే ఒట్టు. "చూడమ్మాయ్, టూ సెవెంటీకి ఓ అందముంది. కానీ థర్టీ ఆట్ సిక్స్‌కి ఓ పెద్దరికముంది. అందం కావాలా, పెద్దరికం కావాలా, అదీ నాకు..."

"ష్!"

పొద్దు బారెడెక్కింది. ఓ వాగు ఒడ్డున విల్లో పొదల పక్కన మంచులో గిట్టల గుర్తులు కనిపించాయి, తాజావి, అంచులు ఇంకా గట్టిపడలేదు. డార్లా పడి ఉన్న దుంగ వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. పొదలు కదిలాయి. ముందు ఒకటి, వెనక రెండు, ఆపైన మందకి మందే! ముక్కుల్లోంచి పొగలు కక్కుతూ పదిహేను ఎల్క్‌లు వాగు దాటుతున్నాయి.

"నూట ఇరవై గజాలు" గుసగుసలాడాడు డెల్మర్. "ఆ చివర్న ఉన్నదే, అడ్డంగా తిరిగింది. అబ్బబ్బబ్బ! దీనికి సిక్స్ ఫైవ్ అయినా..."

"డెల్మర్! నోరు ముయ్యండి!"

మూశాడు. రెండు చేతులతో మూసుకున్నాడు. డార్లా దుర్భిణిలోంచి చూసింది. ముందుకాలు వెనక, సరిగ్గా అక్కడే. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి వదిలింది. నొక్కింది.

ఠాప్!

ఈసారి అంతా చూసింది. ఎల్క్ ఒక్కసారి వంగి, నాలుగడుగులు నడిచి, పొద పక్కన కూలిపోయింది. మళ్ళీ లేవలేదు. మిగతా మంద మంచు చిమ్ముకుంటూ కొండెక్కి పారిపోయింది.

"పడింది! పడిందే తల్లీ, పడింది!" డెల్మర్ టోపీ గాల్లోకి విసిరి మంచులో గంతులు వేశాడు. కాఫీ ఫ్లాస్కు వాగులో పడి కొట్టుకుపోయింది. డార్లా ఏడ్చింది, నవ్వింది, డెల్మర్‌ని వాటేసుకుంది. పిల్లలకి చలికాలం గడిచిపోయినట్టే. ఇద్దరూ కలిసి నాలుగు భాగాలుగా కోసి, మంచు మీద లాగే చెక్క బల్ల మీదేసి బండి దాకా లాక్కొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

మర్నాడు వీపు మాంసంలో మేలైన ముక్క ఒకటి కాగితంలో చుట్టుకుని, డార్లా ఆయన షెడ్డుకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది, మనిషి లేడు. బల్ల మీద తూటాలు బిగించే మర, మందు డబ్బాలు, చిన్న త్రాసు, తెరిచి పెట్టిన పాత నోటుపుస్తకం. తన పేరు కనబడితే ఎవరు మాత్రం చదవకుండా ఉంటారు?

"డార్లా హాగెన్. మూడొందల మాగ్నమ్. భుజం నొప్పిగా ఉంది, మనసు ఇంకా నొప్పిగా ఉంది. మందు బాగా తగ్గించాలి. నూటయాభై గజాల్లో ఎల్క్‌కి చాలు. మేజోడు ఇవ్వాలి."

డార్లా పేజీ వెనక్కి తిప్పింది. "కర్ట్ హాగెన్. భయం బయటికి చెప్పడు. మందు తగ్గించాలి." ఇంకో పేజీ. "బడ్ హాగెన్. తుపాకీ మోగక ముందే కళ్ళు మూస్తాడు. అందరికన్నా తక్కువ మందు. పైకి రాయాలి: మహా భీకరం." పోస్ట్‌మాస్టరు, పాస్టరుగారు, పశువుల డాక్టరు, ఊళ్ళో మొనగాళ్ళందరూ వరసగా ఉన్నారు. ఆఖరి పేజీలో: "డెల్మర్ స్టబ్స్. ఇంకా తేలలేదు. వీళ్ళవి పూర్తయ్యాక చూడాలి."

వెనక దగ్గు వినిపించింది. డెల్మర్ తలుపులో నిలబడి ఉన్నాడు, దొంగతనం తనే చేసినట్టు టోపీ నలుపుకుంటూ.

"తన్నడానికి టైము చాలదా?" అంది డార్లా.

"అది... సైన్సమ్మా..."

"డెల్మర్!"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కుర్రతనంలో నేనూ మాగ్నమ్ కొన్నాను, అందరూ చూడాలని. భయపడి తప్పుగా కొట్టాను. దెబ్బ తిన్న ఎల్క్ వెనక రెండ్రోజులు తిరిగాను, దొరకలేదు. ఎంత చెప్పినా వీళ్ళకి మాగ్నమ్ అనే మాట కావాలి. భుజానికేమో తక్కువ మందు కావాలి. రెండూ ఇచ్చేస్తే పోలా అనుకున్నా. ఎవరికీ చెప్పకేం? బడ్ గుండె పగిలి చస్తాడు."

"మరి మీ వేట?"

"అందరివీ చేసేసరికి నవంబరు అయిపోతోంది. పైగా, నిజంగా తేలలేదమ్మాయ్!"

డార్లా మాంసం పొట్లం ఆయన చేతిలో పెట్టింది. తన కుడిచెయ్యి ఆయన భుజం మీద వేసి, ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడుందో నొక్కి చూసింది.

"టూ సెవెంటీ. వచ్చే ఏడు మొదటి శనివారం. బండి నేను తెస్తాను. ఇక ఆలోచించడాల్లేవు."

డెల్మర్ నోటుపుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. ఆఖరి పేజీలో "ఇంకా తేలలేదు" అన్నది కొట్టేసి, "టూ సెవెంటీ" అని రాసుకున్నాడు.

వారం తర్వాత డార్లా వాండా కొట్టుకి వెళ్ళేసరికి పొయ్యి చుట్టూ సభ తీరి ఉంది. బడ్ ఎదురొచ్చాడు.

"చెప్పు మరదలా! ఎర్ర సిరా డబ్బా ఎలా ఉంది? తన్నిందా?"

కొట్టంతా చెవులు రిక్కించింది. డెల్మర్ స్టూలు మీద బిక్కచచ్చి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. డార్లా కుడి భుజం ఎడంచేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిలువునా ఓసారి వణికింది.

"అమ్మో బావగారూ! ప్రాణం పోయిందనుకోండి! మీరు పదిహేనేళ్ళుగా ఎలా తట్టుకుంటున్నారో నాకర్థం కావట్లేదు. మీరు మనుషులు కారు!"

బడ్ ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. చెయ్యి అప్పటికే చొక్కా గుండీ మీదికి వెళ్ళింది.

డెల్మర్ ముక్కు గట్టిగా చీదుకుని, అల్మారా వైపు తిరిగాడు.

"వాండా, ఓ సీసా ఎర్ర సిరా ఇయ్యి. అయిపోయింది."

"రెండు తెప్పించి పెట్టా" అంది వాండా, తలెత్తకుండానే.